పోస్టుకార్డంత

అమలాపురంలో పెళ్లికార్డుల ప్రెస్సువాళ్లు
కోసి పారేసే అట్టముక్కల్ని
కిలో ఇరవైకి ఇస్తారు వెంకటరత్నం గారు.
పోస్టుకార్డంత ఉంటాయి, కొన్ని అంతకీ తక్కువ.
ఒక పక్క బంగారు గీత మిగిలే ఉంటుంది,
ఎవరిదో శుభలేఖ అంచు.

మొదటేడు వాటి మీద వేసినవన్నీ
దేనికో ఒకదానికి పోలికలే.
నీలం పూస్తే కాలువైపోయేది,
పచ్చ తగిలితే ఊడ్పు చేను.
"బాగుందమ్మాయ్, పడవ లేదేం?" అనేవారు పక్కవాటా వాళ్లు.
నేనూ పడవ పెట్టేదాన్ని.

సుభానీ మాస్టారు తప్పని అనలేదు.
పడవ మీద బొటనవేలు పెట్టి మూసి
"ఇప్పుడు చూడు" అన్నారు.
వేలు తీశాక
మళ్లీ చూడబుద్ధి కాలేదు.

ఆ తర్వాత చాన్నాళ్లు చెడగొట్టాను.
గోకాను, కడిగాను,
రొయ్యల మేత సంచి పీలికతో రుద్దాను.
ఒక అట్ట మీద బూడిదరంగు
బూడిదరంగుగానే నిలబడింది,
మబ్బు కాలేదు.
వెనకాల పేరు రాద్దామంటే ఏమీ తోచక
అంకె వేశాను: 31.
ఆ రాత్రి భయమేసింది.

జూలైలో ఎర్రనీరు దిగింది.
ముక్తేశ్వరం రేవులో పంటు కోసం నిలబడి
కొత్తనీరూ పాతనీరూ కలవకుండా
పక్కపక్కనే పోవడం చూశాను.
మధ్యలో గీత లేదు,
ఉందని కళ్లే పట్టుబడతాయి.
ఇంటికొచ్చి, గీయడం మానేసి
రెండు రంగుల్ని ఆనించి వదిలేశాను
ఏది ముందు లొంగుతుందో చూద్దామని.

షెడ్డులో రొయ్యలు ఒలిచి
మంచుకి పాలిపోయిన వేళ్లతో వచ్చింది అమ్మ.
గూట్లో ఉన్నదాన్ని తీసి
ట్యూబులైటు కిందకి పట్టుకెళ్లింది.
ఏమిటిదని అడగలేదు.
అంచున వేలు ఆనించి
చీరకి తుడుచుకుంది.
"లోవా, ఆరలేదే ఇది."

ఆరి నాలుగు రోజులైంది.

మొన్న మాస్టారు పెద్ద కేన్వాసు ఇచ్చారు, తలుపంత.
పంటు మీద అడ్డంగా పట్టుకుంటే
గాలికి నన్నే లాక్కుపోబోయింది.
"దీనికి సామాను టిక్కెట్టండి" అన్నాడు కుర్రాడు.
కొన్నాను.

గోడకి చేరేసి పెట్టాను.
కింద ఎడమ మూలన
పోస్టుకార్డంత చోటుకి
పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను.
మిగతా తెలుపంతా
వరద తీశాక తేలిన లంకలా ఉందనబోయి
నోరు మూసుకున్నాను.