చీటీ ఊడిన సీసాలు

పర్లాకిమిడిలో మా కాలేజీ ల్యాబు.
సింకు కింది గొట్టం ఎటు పోతుందో
ముప్పై ఏళ్లు ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
బీఎస్సీ రెండో ఏడు, సాల్టు పరీక్ష,
నాళికలో మిగిలిన సీసం పసుపుని
కుళాయి తిప్పి కడిగేసుకున్నాను.
పల్చబడింది.
పల్చబడితే పోయినట్టే అనుకునే వయసు.

ఇప్పుడా ల్యాబుకే నేను డెమాన్‌స్ట్రేటర్‌ని.
భువనేశ్వర్ నుంచి కాగితం వచ్చింది:
ప్రతి సీసాకీ పేరు, తేదీ, ప్రమాదం గుర్తు,
ప్రతి వ్యర్థానికీ వేరే డబ్బా, డబ్బాకో లెక్క,
సోమవారంలోగా.

స్టోరు తెరిచాం.
పై అరలో నలభై మూడు సీసాలకి పేరు లేదు.
కొన్ని చీటీల్ని చెదలు తిన్నాయి,
కొన్నిటిని లోపలున్నదే తినేసింది.
ఒకదాని మీద సగం ఒడియా అక్షరం,
ఇంకోదాని మీద ఎవరిదో తెలుగు దస్తూరీ: జాగర్త.
ఏమిటో చెప్పకుండా
ఉత్త జాగర్త.

గేదెల తవిటయ్యని పిలిపించాను.
అటెండరు, రిటైరై ఆరేళ్లు.
బొటనవేలి మీద నైట్రిక్ యాసిడ్ మచ్చ,
ఉద్యోగం ఇచ్చిన ఉంగరంలా.
"మూత తియ్యకండమ్మా, నాను సెప్తాను" అని
సీసాని ఎత్తి బరువు చూశాడు,
కిటికీ వెలుగులో వంచి, లోపలిది కదిలే తీరు చూశాడు.
"ఇది గంధకం యాసిడ్డు, నూనెలాగ నడుస్తాది.
ఇది మిశ్రా మాస్టారు తెప్పించిన బెంజీను,
ఆయన పోయాక ఎవులూ ముట్టుకోలేదు."

ఒకటి అలవాటుగా ముక్కు దాకా తీసుకెళ్లి
దించేశాడు.
"నాకు వాసన తెలీదమ్మా.
కిప్పు ఆపరేటస్ కాడ ఇరవయ్యేళ్లు నిలబడ్డాను కదా,
మొదట్లో కుళ్లిన గుడ్డు కంపు వొచ్చీది,
తరవాత రావడం మానీసింది.
మంచిదే, అలవాటైపోనాది అనుకున్నాను.
ఇప్పుడు ఇంట్లో చేప మాడినా మా ఆవిడే సెప్పాల."
నవ్వాడు. నేను రాసుకుంటున్న పెన్ను ఆగింది.

సాయంత్రానికి నలభై రెండుకి పేర్లొచ్చాయి.
ఒక్కదానికి తవిటయ్య కూడా తల అడ్డంగా ఊపాడు.
సుశాంతి గమాంగ్, ఫైనలియర్ అమ్మాయి,
మూడు లిపుల్లోనూ గుండ్రంగా రాసి అంటించింది:
తెలియదు. తెరవవద్దు.
ఆ అరలో అదొక్కటే
పూర్తిగా నిజం చెప్పే చీటీ అనిపించింది నాకు.

తవిటయ్య చేతులు కడుక్కోబోయి
సింకు ముందు ఆగాడు.
"ఇక్కడ కడుక్కోవచ్చునా అమ్మా, కొత్త రూల్సులో?"

నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే సుశాంతీ నేనూ గొట్టం వెంట నడిచాం.
హాస్టల్ వెనక గోడ దాటి,
బెండ మడుల పక్కన ముక్కులు మూసుకుని,
మురుగు కాలవ, ఎండ్రకాయల గట్టు,
చివరికి మహేంద్రతనయ.
అవతల పాతపట్నం వైపు తిరిగి
నీళ్లు ఏ గేటు దగ్గరా ఆగకుండా రాష్ట్రం మారుతున్నాయి.

ఇప్పుడు సాల్టు పరీక్ష పలక మీద, చుక్కతో.
"మేడం, ఏమీ కనపడ్డం లేదు" అంటారు పిల్లలు.
భూతద్దం ఇస్తాను.
క్రోమిక్ యాసిడ్ బదులు సబ్బు, బ్రష్షు, చేతుల నొప్పి.
కిప్పు ఆపరేటస్ బీరువా మీద ఖాళీగా,
మూడు బుడగల గాజు బొమ్మలా.

వరండాలో నీలం డ్రమ్ము నిండింది.
దాన్ని తీసుకెళ్లే లారీ సరిహద్దు దాటాలంటే
రెండు రాష్ట్రాల అనుమతి, కాపీల మీద కాపీల చలానా,
నాలుగు నెలలుగా రాస్తున్నాను.
విసుగొచ్చినప్పుడల్లా
ఏ చలానా అడగని నది గుర్తొస్తుంది,
మళ్లీ కాగితం ముందుకి లాక్కుంటాను.

పేరు, పరిమాణం, తేదీ, సంతకం.
పంతొమ్మిదేళ్ల నా పసుపుకి
ఏ గడీలో రాయాలో అందులో లేదు.