చీటీ వెనకవైపు

పలమనేరు ఆసుపత్రిలో మూడో నంబరు కిటికీ నాది.
ఇటు నేను, అటు జనం,
మధ్యలో చెయ్యి పట్టేంత అరచందమామ కంత.
పేరు, ఊరు, వయసు, ఏం బాధ?
కంప్యూటరు అడిగేవి నాలుగే.
చివరిదానికి జవాబులు కూడా అదే పెట్టుకుంది,
పదకొండు గళ్ళు.
ఏదో ఒకటి నొక్కాలి.

వచ్చేవాళ్ళకు ఆ పదకొండూ తెలియవు.

టమోటా బాక్సులెత్తే మొగిలప్ప
పిక్క పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి
"నొప్పి గాదు నాయనా, పీకతా ఉండాది" అంటాడు.
నొప్పయితే ఒకచోట కూర్చుంటుందట.
పీకు అట్లా కాదు,
రాత్రంతా కాల్లోంచి ఎవరో నార తీస్తున్నట్టు.

గాజుల ఖాసింబీకి గోరుచుట్టు.
"సలపతాంది సామీ,
ఏలి కొనలో గడియారం పెట్టి కుట్టేసినట్టు."

ఇద్దరికీ నేను నొక్కింది ఒకటే గడి, పెయిన్.

ఆ పాపానికి పరిహారంగా
చీటీ వెనక్కి తిప్పి పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను.
పీకు. సలుపు.
అచ్చు సరిగ్గా పడని చీటీలు ఇప్పుడు పారేయను,
నా కోసం ఇంకొక నకలు వాటి మీద.
కళ్ళు బైర్లు కమ్మడం.
అరికాల్లో చీమలు పారడం.
నాలిక పిడచకట్టడం
(ఇది రాసి, లేచి, కుండలో నీళ్ళు తాగొచ్చాను).

కొత్త డాక్టరమ్మది భీమవరం.
మొదటివారం చీటీ పట్టుకుని నా కిటికీకే వచ్చేసింది.
"'కడుపులో దేవినట్టు' అని రాశారు, నేనేం చెయ్యాలండీ?"
"వాంతి రాదమ్మా. వస్తే బాగుండునని ఉంటుంది. అంతే."
కోపంగా చూడబోయి ఆగిపోయింది.
"మా మామ్మ అనేదండీ ఈ మాట.
ఇరవై ఏళ్ళయింది విని."

మర్నాడు అటెండరు చేతికిచ్చి పంపింది ఒక ఖాళీ చీటీ.
వెనక నీలం సిరా, డాక్టర్లకు ఉండకూడనంత గుండ్రటి రాత:
"మీ వైపు నలత అంటారా?"

అనరు. మా వైపు ఒళ్ళు బాగలేదంటారు, సుస్తీ అంటారు.
నలత నాకు ఆ రోజే చేతికందింది.
జబ్బని చెప్పుకోవడానికి చాలదు,
బాగున్నానంటే అబద్ధమవుతుంది.
ఉతికి, ఆరేసి, ఎవరో తెలియక కూర్చున్న పంచెలాగా
ఒళ్ళు కాస్త నలిగింది, అంతే.
రెండురోజులు నోట్లో వక్కపలుకులా పెట్టుకు తిరిగాను.

బైరెడ్డిపల్లె బస్సు దిగి దొరసానమ్మ వచ్చింది.
వయసడిగితే ఏదో కరువు పేరు చెప్పింది.
ఏం బాధ?
"మనేద."
కాలా, చెయ్యా, తలా?
"యాడా లేదు నాయనా, ఒళ్ళు బాగనే ఉండాది.
లోపల మనేద."
వెనక క్యూ గొణుగుతోంది.
గళ్ళు పైనుంచి కిందికి చూశాను,
కిందినుంచి పైకి చూశాను,
'ఇతరములు' నొక్కాను.
చీటీ వెనక మాత్రం గట్టిగా ఒత్తి రాశాను.
పెన్సిలు ముల్లు విరిగింది.

పదిన్నరకు లోపలికి పోయిన మనిషి
పదకొండు దాటినాక బయటికొచ్చింది.
మాత్రలిచ్చే కిటికీ వైపు తిరగనైనా లేదు.
ఏం మందు రాసిందో డాక్టరమ్మ,
నేనూ అడగలేదు.

మొన్న సోమవారం పొద్దున్నుంచీ నాకే ఎట్లానో ఉంది.
సెలవు పెట్టి, నా కిటికీ ముందే నిలబడ్డాను లైన్లో.
లోపల నా కుర్చీలో తేజవర్ధన్, చేరి నాలుగు రోజులు.
"ఏం ప్రాబ్లం సార్? ఫీవరా?"
"నలత."
గళ్ళన్నీ వెతికాడు పాపం.
"లిస్టులో లేదు సార్. స్పెల్లింగ్ చెప్తారా?"
"న, ల, త.
ముందువైపు పట్టదులే, చీటీ తిప్పు" అని
కంతలోంచి పెన్సిలు అందించాను.