తొమ్మిదంగుళాల మధ్యాన్నం

కలమళ్ళ దాటినాక రోడ్డుకు కుడిపక్క
రెండు గదులు కట్టినాం, పదడుగులకు పది.
ఒకటి ఎర్రమట్టి ఇటుక. ఇంకొకటి బూడిద ఇటుక.
తూర్పుకు ఒక్క కిటికీ, ఒక్క తలుపు.
మనుషుల కోసం కాదు,
గోడల్లో గుచ్చిన పన్నెండు తీగల కోసం.

బూడిద యాడిదంటే, అదో, ఆ పొగగొట్టాలది.
బొగ్గు కాలి కరెంటై, ఏ ఊర్లోనో ఫ్యానై తిరిగినాక
మిగిలింది ఇక్కడ గుంటల్లో పండుకొని ఉంటుంది.
గాలి లేస్తే శనగ చేల మీద,
ఆరేసిన చీరల మీద,
అన్నంలో.
దానికి ఎర్రగుంట్ల బండల పాలిష్ బురద,
ఇంత సున్నం, చిటికెడు జిప్సం.
అచ్చులో వేసి ఒత్తితే
ఎవరికీ అక్కర్లేనివన్నీ
ఒకదాన్నొకటి పట్టుకొని గట్టిపడతాయి.
బట్టీ అక్కర్లేదు. ఒకసారి కాలిందే కదా.

నా పని గంటకొకసారి అంకెలు రాయడం.
మే పన్నెండు, మధ్యాన్నం రెండు.
బయట నలభైనాలుగు.
ఎర్ర గదిలో ముప్పైఎనిమిదిన్నర.
బూడిద గదిలో ముప్పైఆరు.
గోడ ఎండను ఆపదు.
అప్పు వసూలుకొచ్చినోణ్ణి
అరుగు మీద కూర్చోబెట్టి మాటల్లో పెడుతుంది, అంతే.
రెండు గంటల ఎండ
ఆ తొమ్మిదంగుళాలు నడిచి లోపలికొచ్చేసరికి
రాత్రి ఎనిమిదిన్నర.
అప్పుడు కిటికీ తెరిస్తే చాలు.

పక్కీరమ్మ ఆ ఇటుకలే మోసేది,
తలమీద ఎనిమిది, ఒక్కోటి మూడు కిలోలు.
ఉండేది యూనిట్ వెనక రేకుల కొట్టంలో.
నా చేతిలో మీటరు చూసి
"మా ఇంట్లో గూడా పెట్టి చూడు సామీ" అనింది.
పెట్టినా. నలభైఆరు.
"బయటికంటే ఎక్కువ చూపిస్తాంది, మిషను చెడిపోయిందేమో."
"చెడిపోయింది మిషను కాదులే" అని
కుండ కింద ఇసుక తడిపింది.

పదహారో తారీకు గ్రాఫులో ఒక గుబ్బ.
రెండింటి నుంచి నాలుగున్నర దాకా
బూడిద గది ఒకటింబావు డిగ్రీ పెరిగింది.
ఎర్ర గది మామూలే.
తీగలు చూసినా. బ్యాటరీ మార్చినా.
సార్‌కు ఫోన్ చేస్తే
"గోడలో సందేమైనా పడిందేమో చూడు" అన్నాడు.
పదిహేడు. అదే గుబ్బ.
పద్దెనిమిది, సరిగ్గా రెండింటికి పోయి తలుపు నెట్టినా.

బండల మీద వరసగా
పక్కీరమ్మ చిన్నకూతురు, ఇద్దరు మనవళ్ళు,
అచ్చు మిషను తిప్పే మాబుసేను,
నెలలు నిండిన అతని భార్య.
ఎవరో నిద్రలో పండ్లు కొరుకుతాన్నారు.
ఒక్క తీగకూ ఎవరి కాలూ తగల్లేదు,
అంత జాగ్రత్తగా ముడుచుకొని పండుకున్నారు.
గోడకు వీపు ఆనించిన పక్కీరమ్మ
కండ్లు తెరిచి లేవబోయింది.
వద్దని చెయ్యి ఊపినా.

రిజిస్టర్లో "కారణం" అని ఒక గడి ఉంది.
"పరికరం లోపం" అని రాసినా. కొట్టేసినా.
తెలుగును తొలిసారి రాతిమీద చెక్కిన ఊరంట ఇది,
ఉలి పట్టినోడు గూడా
ఒక్కమాటకు ఇంతసేపు తడుముకున్నాడో లేదో.
చివరికి రాసినా:
"లోపల ఆరుగురు. ఒక మేకపిల్ల."

సార్ చూసి, ఆ మూడ్రోజులవీ కొట్టేయమన్నాడు.
గదికి తాళం వేయమన్నాడు.
ముద్దనూరు పోయి తాళం కొనుక్కొచ్చినా.
ఎర్ర గదికి వేసినా.