మీటర్ల గోడ

లీమాలో వాన పడదు.
జూన్ వచ్చిందంటే పొగమంచు మాత్రం
పిండని దుప్పటిలా గుట్ట మీద వేలాడుతుంది.
దాన్ని తలతో పక్కకి నెట్టుకుంటూ
మెట్లెక్కుతాను,
చంకలో రీడింగు పుస్తకం, చెవి మీద పెన్సిలు.
ముప్పై ఒక్కేళ్లుగా ఇదే గుట్ట, ఇదే కరెంటు కంపెనీ.

మొదటిసారి వచ్చినప్పుడు
ఎర్మెలిందా ఇల్లంటే నాలుగు తుంగచాపలు.
ఐదో చాప కప్పు.
ఇసుకలో సున్నంతో గీసిన గీత సరిహద్దు.
గాలికి గీత చెదిరిపోతే
పక్కింటి ప్రిమితీవో, ఆమె కలిసి మళ్లీ గీసుకునేవాళ్లు,
"నువ్వు జరుగు" అంటే "పోనీ నేనే జరుగుతాలే" అంటూ.
జరగడానికి
చోటుండేది అప్పుడు.

సందు మొత్తానికి ఒకటే మీటరు.
దాన్నుంచి పదకొండిళ్లకి తీగలు పాకేవి, సొరపాదులా.
ఎవరెంత వాడారో దేవుడికే తెలియాలి.
బిల్లు వచ్చిన రోజు బల్బుల లెక్కన పంచుకునేవాళ్లు,
ఇస్త్రీపెట్టె ఉన్న ఇంటికి రెండు వంతులు.
రేడియోకి మాఫీ,
అందరూ వింటారు కనక.

తర్వాత ఇటుక వచ్చింది.
ఒక్కసారి కాదు,
జీతాల శనివారం వందా, రెండొందలూ.
సగం లేచిన గోడ
చీటీ పాట వచ్చేదాకా అలాగే నిలబడేది.
కప్పు పోసే రోజు మాత్రం గుట్టంతా కదిలొచ్చి
చెయ్యీ చెయ్యీ మార్చుకుంటూ కాంక్రీటు అందించేది.
అంతా అయ్యాక కూడా స్తంభాల నెత్తిన
మూరెడేసి ఇనప చువ్వలు వదిలేశారు.
ఎందుకని అడిగాను.
"పెద్దాడికి" అంది ఎర్మెలిందా.
పెద్దాడప్పుడు
నా బూటు లేసు నోట్లో పెట్టుకుంటున్నాడు.

పద్నాలుగు. పద్నాలుగు-ఏ. పద్నాలుగు-ఏ పైన. పద్నాలుగు-ఏ పైన వెనక గది.
మీటర్లు గోడ మీద పిల్లల్ని పెట్టాయి.
ఇంట్లో మెట్లు చోటు తింటాయని
వీధిలోకి తీశారు.
వీధి సందయింది, సందు భుజాల వెడల్పయింది.
ప్రిమితీవో పోయినప్పుడు
పెట్టెను నిలబెట్టి దించాల్సొచ్చింది.
"బతికుండగా ఎన్నడూ ఇంత నిటారుగా దిగలేదు మామ" అన్నాడు అల్లుడు.
నవ్వకూడదనుకుంటూనే నవ్వాం.
ఆ ఏడే పై వరసలో గ్యాసు బండ పేలింది.
ఫైరింజను కిందే ఆగిపోయి
గంట కొట్టుకుంటూ ఉండిపోయింది.
ఆ గంట గురించి ఎవరం మాట్లాడుకోం.

మునిసిపాలిటీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, పటం పట్టుకుని.
పటంలో ఈ గుట్ట పచ్చరంగు. పార్కట.
"హెక్టారుకి ఎంతమంది ఉంటారు?" అన్నాడు.
నా పుస్తకం ఇచ్చాను.
పేజీలు తిప్పీ తిప్పీ
మెట్టు మీద కూలబడి మంచినీళ్లడిగాడు.
మూడు బకెట్లు మోసుకొచ్చిన పిల్ల
గ్లాసు నిండా పోసింది.

ఇప్పుడేమో ఇంకో వింత.
ఎర్మెలిందా గోడ మీద తొమ్మిది మీటర్లు,
నాలుగింటికి సున్నా.
రెండో అంతస్తులో అద్దెకున్న నర్సు వెళ్లిపోయింది,
ప్లైవుడ్డు అడ్డం పెట్టి రెండు చేసిన గదిలో
ఉల్లిపాయల బస్తాలున్నాయి.
గది మీద గది వేసుకుంటూ పోయినంత కాలం
జనం వస్తూనే ఉంటారనుకున్నాం అందరం, నాతో సహా.
పెద్దాడు తన అంతస్తు వదిలేసి
పై గుట్టకి పోయాడు, పెళ్లాంతో, నాలుగు చాపలతో.
అక్కడ సున్నం గీత ఇంకా తెల్లగా ఉంది.
మొన్న నన్ను పిలిచి అడిగాడు,
మీటరెప్పుడిస్తారని.

ఎర్మెలిందాది కింది గది.
చుట్టూ ఐదంతస్తులు లేచాక
మధ్యాహ్నం పన్నెండుకీ బల్బు వెలిగే ఉంటుంది.
"నీ యూనిట్లు పెరిగాయి" అన్నాను.
"ఎండకి బిల్లు కడుతున్నా" అంది,
చిక్కుడుగింజలు వలుస్తూ, తలెత్తకుండా.

చిట్టచివరి కప్పు మీద
తుప్పు పట్టకుండా సీసాలు బోర్లించిన చువ్వలు
ఇంకా ఉన్నాయి.
అవెవరికని ఈసారి అడగలేదు.
వెనకటి రీడింగు, ఇప్పటి రీడింగు రాసుకుని
తీసివేత చేశాను.
తప్పొచ్చింది. మళ్లీ చేశాను.