గురువారం, ఉదయం ఆరు

నరీన్ నది గడ్డకట్టే చప్పుడు
కిటికీ దాకా వచ్చి ఆగిపోయే గదిలో
పదకొండు కంప్యూటర్లు,
బయటి లోకానికి ఒకే ఒక్క సన్నటి తీగ.
అందరూ ఒకేసారి దాని మీద పడకుండా
మధ్యలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టమన్నారు.

జిల్లా ఆఫీసు వాళ్లు పారేయబోయిన డబ్బా.
దుమ్ము దులిపి, లినక్స్ ఎక్కించి
స్క్విడ్ అనే ప్రాక్సీని అందులో పెట్టాను.
స్క్విడ్ అంటే పది చేతుల సముద్రపు జీవి.
ఇన్ని కొండల వెనక మా ఊరికి
ఇప్పటిదాకా వచ్చిన సముద్రం అదొక్కటే.

దాని పని చెప్పడం సులువు.
పిల్ల అడిగింది తాను వెళ్లి అడుగుతుంది,
తెచ్చినదాంట్లో దాచదగ్గది దాచుకుంటుంది,
ఇంకో పిల్ల అదే అడిగితే
ఊరు దాటకుండానే తీసిస్తుంది,
మా అత్త గుర్రపు మాంసం చలికాలానికి దాచినట్టు.

మొదటి రోజు అందరికీ ఒకటే జవాబు: ప్రవేశం లేదు.
ఫైలు తెరిచి చూస్తే
'అందరినీ ఆపు' అన్న వరుస పైన,
'బడివాళ్లను రానివ్వు' అన్నది కింద.
అది పైనుంచి కిందికి చదువుతుంది,
మొదట తగిలిన మాటకే కట్టుబడుతుంది.
నేను రాసిన దయ దాకా దాని చూపు రానే లేదు.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే,
ఆ పూజారిని కూర్చోబెట్టింది నేనే.

తర్వాత డిస్కు మొండికేసింది.
దాచుకునే అర ఇంకా నా పేరునే ఉంది.
ఒక్క ఆజ్ఞతో దాని పేర రాసిచ్చాను.
ఆస్తి పంపకాలు ఇంత తేలిగ్గా జరగడం
మా వంశంలో అదే మొదలు.

అసలు పేచీ ఫిబ్రవరిలో.
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
తలుపు మూసుకునేది, సరిగ్గా రెండు గంటలు.
ఆపైన ఎవరూ తాకకుండానే తెరుచుకునేది.
అట్‌బాషీ నుంచి బస్సు పట్టుకుని నేను చేరేసరికి
ఏ జబ్బూ లేని రోగిలా నవ్వుతూ కూర్చునేది.
కేబుళ్లు మార్చాను. పోర్టు మార్చి, మళ్లీ పాతదే పెట్టాను.
"నువ్వొస్తున్నావని దానికి తెలిసిపోతుంది"
అంది లైబ్రేరియన్ బురుల్చా,
నన్ను నమ్మడం మానేసిన గొంతుతో.

ఓ రాత్రి పుస్తకాల బీరువాల మధ్యే పడుకున్నాను.
తెల్లారాక కరెంటు పోయింది, వచ్చింది.
చిట్టా విప్పాను.
ప్రతి వరుస మొదటా క్షణాల లెక్క ఉంటుంది,
పది అంకెల పొడుగు.
ఇక్కడ మూడే అంకెలు.
నాలుగు వందల పన్నెండు.
పుట్టి ఏడు నిమిషాలైనా నిండని లోకం.

లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయింది.
కరెంటు పోయినప్పుడల్లా డబ్బా
పందొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి,
గురువారం ఉదయం ఆరింటికి లేస్తోంది.
సరైన సమయం బయట అడిగే దారి
నగరం వాళ్లు ఎప్పుడో మూసేశారు.
బడి వేళ ఎనిమిది నుంచి నాలుగు అని
రాసింది నేనే.
ఎనిమిదయ్యేదాకా అది బుద్ధిగా గడప కాసింది.
ఒక్క అబద్ధమూ ఆడలేదు.

బురుల్చా కళ్లద్దాలు తీసి నవ్వింది.
"ఆ గురువారం నాకు ఆరేళ్లు.
ఈ బడికి పునాది కూడా లేదు.
పైగా కొత్త సంవత్సరం, ఎవరు తెరుస్తారయ్యా బడి?
న్యాయం దానివైపే ఉంది."

బొత్తామంత బ్యాటరీ. బజారంతా తిరిగినా దొరకలేదు.
చివరికి వంటగదిలో అనార్కాన్
తన తూకం యంత్రాన్ని బోర్లించి
గోటితో మూత ఊడదీసింది.
"పిండి బరువు నా చేతికి తెలుసులే, తీసుకో."

ఇప్పుడు చిట్టాలో పది అంకెలు.
నిన్న ఐదో తరగతి వాడెవడో స్క్విడ్ బొమ్మ అడిగాడు,
బయటికి వెళ్లి తెచ్చింది.
వాడి పక్కవాడు అడిగితే
ఇంట్లోంచే తీసిచ్చింది.

మధ్యాహ్నం రొట్టెలు మాత్రం
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
పెద్దదాని కోసం రోజూ కొట్లాట.