ముప్పై కౌంటు

చిట్టా పుస్తకం ఇంకా నా దగ్గరే ఉండాది.
అట్ట మీద 'బిట్రగుంట లోకో యునైటెడ్' అని
పెంచలయ్య రాసిన అక్షరాలు
చివర్లో చోటు చాలక పైకెక్కి కూర్చున్నాయి.

ఆవిరి ఇంజన్లు పోయినా
మైదానంలో వాటి బూడిద మిగిలింది.
పడితే మోకాలి తోలు లేచి
పుండు మానినా నలుపు పోదు.
పెళ్లిచూపుల్లో మస్తాన్ ప్యాంటు మడిచి మరీ చూపించాడంట.
పిల్ల తండ్రి అడిగాడంట,
యాడ కాలిందబయా అని.

మేం సగం జీతగాళ్ళం.
పెంచలయ్యది రాత్రి పట్టాల గస్తీ.
సుత్తి దెబ్బకి పట్టా ఏం పలుకుతుందో వింటూ
తెల్లవార్లూ నడిచి
ఆదివారం మధ్యాహ్నం గోల్లో నిలబడేవాడు.
నిద్ర రాదా అంటే
"బంతి మన వైపు వస్తే లేపండి" అనేవాడు.
జక్రయ్య ఐసు పెట్టెలు మోసేవాడు.
పెట్టె మోసిన మెడ గనక
తలతో కొడితే బంతి చెప్పిన చోటికి పోయేది.
నేను రైట్ వింగు,
ఆ తర్వాత మోకాలు,
ఆ తర్వాత ఈ పుస్తకం.

ముప్పై కౌంటు రొయ్య కిలో ఐదొందలు దాటిన ఏడు
జువ్వలదిన్నె గుంటల దశరథరామిరెడ్డి
బుల్లెట్టు దిగకుండానే మా ఆట చూసి
"గెలిస్తే తలకి ఏడొందలు, సమానమైతే నాలుగు,
ఓడితే బిర్యానీ మటుకు నాది" అన్నాడు.
ఆ పేజీల్లో నా దస్తూరీ కూడా కండ పట్టింది.
మలప్పురం నుంచి ఇద్దరు కుర్రోళ్ళు,
నెల జీతం, మేస్త్రీ మేడ మీద గది.
షఫీక్‌కి మా పప్పు దిగేది కాదు,
మామిడికాయేసిన చేపల పులుసైతే రెండు దఫాలు.
సూళ్లూరుపేటలో కప్పు కొట్టాం.
ఎనభై ఎనిమిదో నిమిషం, షఫీక్ కార్నరు, జక్రయ్య మెడ.
రొయ్యల లారీలో ఐసు మీద కూర్చుని ఇంటికొచ్చాం.
కప్పు ఎన్నిసార్లు కడిగినా
వారం రోజులు పిల్లులు క్లబ్బు రూము వదల్లేదు.

ఆ పైఏడు తెల్లమచ్చ వచ్చింది.
రొయ్య గట్టుకు ఈదుకొచ్చి మరీ చచ్చిందంట.
రెడ్డిగారు మొదట ఫోనెత్తలేదు.
తర్వాత ఎత్తారు, అదింకా కష్టంగా ఉండింది.
"అబయా, ఏరియేటర్లు కూడా అమ్మేశాను."
బిర్యానీ రాసే చోట టమోటా అన్నం,
తర్వాత అరటిపండ్లు,
ఆ తర్వాత ఎవరి డబ్బా వాళ్ళది.
నెల్లూరు స్టేడియంలో ఆరు గోల్సు తిన్నాం.
పెంచలయ్య ఒక్క మాట అనకుండా
గ్లవ్సు సంచిలో సుత్తి పక్కన పెట్టి డ్యూటీకి పోయాడు.
ఆ రాత్రి ప్రతి పట్టా పగిలినట్టే వినపడిందంట.

మలప్పురం పిల్లలు చెప్పే పోయారు, తగాదా లేదు.
ఒక్క వరస మటుకు నేను కొట్టెయ్యలేదు:
షఫీక్ బాకీ, మూడు వేల రెండొందలు.
నిమ్మకాయల బేరంలో ఏమన్నా మిగిలినప్పుడు
రెండొందలు పంపుతుంటా.
ఇంకా పద్నాలుగొందలుంది.
రెడ్డిగారికి తెలీదు. తెలిస్తే ఈ దారిన రావడం మానేస్తాడు.

ఇప్పుడు బి డివిజన్లో కింద నుంచి రెండోది మాది.
అట్టడుగు జట్టు రావడం మానేసింది.
జువ్వలదిన్నె నుంచి ఎవరొచ్చినా
ముందు రేటు అడుగుతాం,
తర్వాత బాగుండారా అని.

మొన్న ఆదివారం తొమ్మిది మందిమే ఆడుతుంటే
విజయవాడ ప్యాసింజరు అవుటర్లో ఆగింది.
కిటికీ పక్కన జామకాయ తింటున్న పెద్దాయన
గ్రౌండు వైపు కేకేశాడు, "ఎంతబ్బా?"
జక్రయ్య త్రో వెయ్యబోతూ
బంతి నెత్తి మీదే ఆపుకుని
"నాలుగొందల పది" అన్నాడు.
పెద్దాయన నమలడం ఆపాడు.
సిగ్నలు పడింది.
అసలు లెక్క చెబుదామని పెంచలయ్య చెయ్యెత్తాడు గానీ
ఆ గ్లవ్సులో ఎన్ని వేళ్ళు లేచాయో
కదిలే రైల్లోంచి ఏం కనపడుంటుంది.