కుర్చీ పట్టుకోవడం

పద్దెనిమిదో పుట్టినరోజున రూరీకి మూడు కవర్లొచ్చాయి.
ఒకటి కార్డు. హాస్టలు వాళ్లందరూ సంతకాలు పెట్టారు,
సెలవులో ఉన్న వంటామె పేరు కూడా ఎవరో గిలికారు.
రెండోది పిల్లల మానసిక వైద్య విభాగం నుంచి:
ఇకపై మీరు మా పరిధిలోకి రారు.
మూడోది పెద్దల విభాగం నుంచి:
మీ పేరు వరుసలో ఉంది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు నయం.
వీళ్లు ఏటి మధ్యలోనే తగలేస్తారు,
కేకు మీది కొవ్వొత్తితో.

ఆ రెండు ఉత్తరాల నడుమ పద్నాలుగు నెలలు.
అందులోకి నన్ను పంపారు:
వారానికి నాలుగు గంటలు, మంగళవారం, శుక్రవారం,
బస్సు ఖర్చులు అదనం.

నా పేరు సెంగా. ఆగ్నెస్‌ని తిరగేసి రాస్తే నేను.
డండీలో మా అమ్మ కాలంలో అదొక సరదా.
తిరగేసిన పేరుతో బతికినదాన్ని,
తలకిందులైన పిల్లల్ని చూస్తే నాకు కంగారు పుట్టదు.

హిల్‌టౌన్ ఎగువన, మూడో అంతస్తు.
సముద్రపు మంచు లేని రోజు కిటికీలో టే నది.
మొదటి నెల ఆలుగడ్డని చాకుతో పొడిచి చూడటం,
కరెంటు కార్డులో పది పౌండ్లు వేయించుకోవడం,
ఎర్రచొక్కాని తెల్లబట్టల్లో కలపకపోవడం
(కలిపాడు. లేతగులాబీ రంగు సాక్సులతో నెలంతా తిరిగాడు).
"ఇంతేనా?" అన్నాడు.
ఆ మాటకే నాకు గుండె జారింది.

రెండో నెల తలుపు తీయలేదు.

మోకాళ్లు పట్టేసినా వంగి,
ఉత్తరాలు వేసే కంతలోంచి మాట్లాడాను.
ఎలా ఉన్నావని అడగలేదు. దానికి జవాబుంటే తలుపే తీసేవాడు.
వాన గురించి చెప్పాను. చెత్తడబ్బాల గురించి చెప్పాను.
ఒకే వీధిలో రెండు ఫుట్‌బాల్ మైదానాలున్న ఊరు మాది,
రెండు జట్లూ ఓడిపోయాయని చెప్పాను.
లోపల్నుంచి కీచుమని ఒక చప్పుడు,
నలభై సెకన్లకోసారి.

మూడుసార్లు కలవకపోతే ఫైలు మూసేయాలని రూలు.
నేను రాశాను: కలిశాను. మధ్యలో తలుపు ఉంది.

ఆరో శుక్రవారం గొలుసు జారిన చప్పుడు.
మాసిన గడ్డం, అదే గులాబీ సాక్సులు.
"అది ఆగట్లేదు," కప్పు వైపు చూపించాడు.
"పదకొండు రోజులు. నేనేం తప్పు చేశానో చెప్పట్లేదు."

పొగ అలారం. బ్యాటరీ అయిపోయింది, అంతే.

హాస్టల్లో ఏది మోగినా ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు.
ఇక్కడ మోగింది, మోగుతూనే ఉంది.
ఆ ఎవరో ఇప్పుడు తనేనని
మూడు కవర్లలో ఏ ఒక్కదాంట్లోనూ రాసిలేదు.

నా చేతులు దురదపెట్టాయి. నిమిషం పని.
ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నదల్లా
ఆ నిమిషం ఆగడమే.
మూల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. డబ్బులు అతనే ఇచ్చాడు.
కుర్చీ ఎక్కాడు. నేను పట్టుకున్నాను.
అతని కాళ్ల వణుకు కర్ర వెంట దిగి
నా అరచేతుల్లోకి వచ్చింది.
మొదట తిరగేసి పెట్టాడు.
"నా పేరులా," అన్నాను. నవ్వలేదు.
తీసి, సరిగా పెట్టాడు.

నలభై సెకన్లు. ఎనభై. ఏమీ లేదు.
కుర్చీ దిగకుండా అలాగే నిలబడ్డాడు,
తన ఇంటి నిశ్శబ్దాన్ని మొదటిసారి వింటూ.

అక్కణ్ణించి అంతా బాగుపడిందని చెప్పను.
డాక్టరు కోసం బస్సెక్కి రెండుసార్లు మధ్యలోనే దిగిపోయాడు.
మూడోసారి వెళ్లాడు, నేను వెనక సీట్లో.

నవంబరులో ఒక రాత్రి పదకొండున్నరకి మెసేజి:
నీలం డబ్బా ఎప్పుడు బయటపెట్టాలి?
ఫ్రిజ్ మీద అంటించి ఉంది, అతని చేతిరాతే.

బుధవారం, అని రాశాను.
ఇంకేమన్నా ఉందా, అని రాసి, చెరిపేశాను.
కెటిల్ పెట్టుకుని
ఫోను ఎదురుగా పెట్టుకుని
కూర్చున్నాను.